ఆకలితో చంపే మందు అని నేనే చెప్పాను

మా పెద్దమ్మ కంచంలోంచి అన్నం తీసేసి ఉడకబెట్టిన సొరకాయ ముక్కలు పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. పెదనాన్న ఏమీ అనలేదు. రేపల్లె దగ్గర పల్లెటూళ్ళో జీవితమంతా వరి పండించి, మూడు పూటలా అన్నమే తిన్న మనిషి. ఆ ముక్కల వంక చూసి, ఒకటి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి లేచిపోయాడు. "ఏంటి పెద్దమ్మా ఇది?" అని నేనడిగితే, ఆవిడ నా మొహంలోకి చూసి, "నువ్వేగా చెప్పావు, దానికి తిండి ఆపితే చస్తుందని!" అంది.

నిజమే, నేనే చెప్పాను. 2015 వేసవిలో పెదనాన్నకు లివర్‌లో గడ్డ బయటపడింది. హెపటైటిస్ బి ఎప్పుడు అంటుకుందో ఎవరికీ తెలీదు. ఆ వైరస్ ఏళ్ళ తరబడి లోపలే ఉండి లివర్‌ను గట్టిపరిచి సిర్రోసిస్‌లోకి, అక్కడి నుంచి క్యాన్సర్‌లోకి దించింది. మేం హైదరాబాద్ తీసుకొచ్చేసరికి గడ్డ పక్కనున్న పెద్ద సిరలోకి పాకింది. ఆపరేషన్ కుదరదన్నారు, లివర్ మార్పిడి కుదరదన్నారు. మాత్రలు రాశారు. సొరాఫెనిబ్, 200 మిల్లీగ్రాములవి, పొద్దున రెండు, సాయంత్రం రెండు.

ఇంట్లో సైన్సు చదువుకున్నది నేనే. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. అందుకని అందరూ నన్నే అడిగారు, ఈ మాత్ర ఏం చేస్తుందని. "పెద్దమ్మా, ఇది గడ్డకు రక్తం అందకుండా చేస్తుంది. తిండి లేక అది ఆకలితో చస్తుంది" అన్నాను. ఒక్క ముక్కలో అర్థమయ్యేలా చెప్పానని ఆ రోజు తృప్తి పడ్డాను కూడా. ఆ మాట వాట్సాప్‌లో వచ్చే "క్యాన్సర్‌కు చక్కెర ఆపండి, బియ్యం ఆపండి" అనే మెసేజులతో కలిసిపోయింది. మా పెద్దమ్మకు రెండూ ఒకటే అయ్యాయి. గడ్డకు తిండి ఆపడం మందు పని అయితే, ఇంట్లో తన వంతు పని తను చేస్తానంది. అన్నం ఆగింది, పాలు ఆగాయి, అరటిపండు ఆగింది.

రెండు నెలల తర్వాత స్కాన్ చేయించి డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ముందు బరువు చూశారు. ఆరు కిలోలు తగ్గింది. తర్వాత ఫిల్ము చూసి, పెద్దమ్మ వైపు తిరిగి, "అమ్మా, గడ్డ సైజు అలాగే ఉంది. తగ్గింది ఈయన. మనం ఎవరికి తిండి ఆపినట్టు?" అన్నారు. కోపంగా అనలేదు. కానీ ఆ ప్రశ్న నాకు తగలాల్సింది, పెద్దమ్మకు తగిలింది. ఆవిడ బయటికొచ్చి వరండాలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

అప్పటి నుంచి ఆ మాట మీద నాకు పట్టుదల. "ఆకలితో చంపే మందు", "రక్తం ఆపి కణితిని మాడ్చే మందు" అని పేపర్లలో, టీవీల్లో, ఆస్పత్రి కరపత్రాల్లో ఇప్పటికీ చూస్తూనే ఉంటాను. చూసినప్పుడల్లా ఆ సొరకాయ ముక్కలు గుర్తొస్తాయి. ఆ మాటను మనం వదిలేయాలని నా వాదన. తేలిక చేసి చెప్పడం తప్పని నేననను. ఈ మాట తేలిక చేయడంతో ఆగదు, చూడాల్సిన చోటు నుంచి మన చూపును పక్కకు తిప్పేస్తుంది.

ఆ మాటలో సగం నిజం ఉంది, ముందు అది చెప్పాలి. రక్తనాళం నుంచి ఆక్సిజన్ కణజాలంలోకి ఇంకే దూరం చాలా తక్కువ, 100 నుంచి 200 మైక్రాన్లు. మహా అయితే మిల్లీమీటరులో ఐదో వంతు. 1955లో ఇంగ్లండులో థామ్లిన్సన్, గ్రే అనే ఇద్దరు ఊపిరితిత్తుల కణితుల ముక్కలను మైక్రోస్కోపులో చూస్తే, రక్తనాళాలుండే అంచు నుంచి సుమారు 180 మైక్రాన్లు దాటిన చోట కణాలన్నీ చచ్చిపడి ఉన్నాయి. ఆ తర్వాత 1960లలో జూడా ఫోక్‌మన్ అనే కుర్ర సర్జన్, అమెరికా నేవీ ల్యాబులో పనిచేస్తూ, కుందేలు థైరాయిడ్ గ్రంథిని గాజు పాత్రలో బతికించి అందులో క్యాన్సర్ కణాలు నాటాడు. అవి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగి ఆగిపోయాయి. అవే కణాలను ఎలుకలో పెడితే ఆగకుండా పెరిగాయి. తేడా ఒక్కటే, గాజు పాత్రలోని గ్రంథిలోకి కొత్త రక్తనాళాలు మొలవలేదు. కణితి తనకు తానే నాళాలను రప్పించుకుంటుందని, ఆ రప్పించుకోవడాన్ని ఆపితే వైద్యం అవుతుందని ఆయన 1971లో రాశాడు. చాలా ఏళ్ళు ఎవరూ పెద్దగా నమ్మలేదు.

ఫోక్‌మన్ పనిచేసింది బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో. ఆ పేరు ఎక్కడో విన్నట్టుందే అనుకుంటే, వెంటనే తట్టింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసి ఇచ్చిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు వాడింది ఆ ఆస్పత్రిలోనే, 1947-48 రోజుల్లో. ఆ మందూ ఒక ప్రోటీన్‌లో ఇరుక్కుని దాని పని ఆపేదే. నేను క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు తలెత్తి చూస్తారు. ప్రోటీన్‌ను అడ్డుకునే మందులన్న ఆలోచన మనకు పరాయిది కాదు.

సొరాఫెనిబ్ కథలో కూడా మనకు వాటా ఉంది. అది లేకపోతే పెదనాన్న ఆ మాత్ర చూసి ఉండేవాడే కాదు. బేయర్ కంపెనీ నెక్సావర్ పేరుతో అమ్మేటప్పుడు నెలకు సరిపడే 120 మాత్రల ధర 2,80,428 రూపాయలు. ఎకరం కౌలు ఎంతో తెలిసిన ఏ రైతూ ఆ అంకె రెండోసారి చదవడు. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ మన దేశంలో మొట్టమొదటి కంపల్సరీ లైసెన్సు ఇచ్చారు, అంటే పేటెంటున్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఇంకో కంపెనీ ఆ మందు తయారుచేసుకోవచ్చన్న అనుమతి. అది హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మాకే వచ్చింది. నెలకు 8,800 రూపాయలకు మించి అమ్మకూడదు, ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలి, అమ్మకాల మీద బేయర్‌కు 6 శాతం రాయల్టీ కట్టాలి. అప్పీలులో రాయల్టీ 7 శాతమైంది కానీ లైసెన్సు నిలిచింది. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా దాన్ని కదపలేదు. అది జరిగి ఆరు నెలలు కాకముందే మా పెదనాన్న చేతికి ఆ మాత్రలు వచ్చాయి. పేటెంటు చట్టం మీద ఎన్ని వాదనలైనా ఉండొచ్చు. మా ఇంట్లో ఆ తేడా పొలం అమ్మడానికీ, అమ్మకపోవడానికీ మధ్య ఉన్న తేడా.

ఇక ఆ మాత్ర లోపల ఏం చేస్తుందో చూద్దాం. క్యాన్సర్ కణానికి ఆక్సిజన్ చాలనప్పుడు అది వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను బయటికి వదులుతుంది. 1983లో హెరాల్డ్ డ్వోరాక్ దాన్ని మొదట నాళాలను కారేట్టు చేసే పదార్థంగా పట్టుకున్నాడు. 1989లో నెపోలియోన్ ఫెరారా దాన్ని వేరుచేసి, నాళాలను మొలిపించేది అదేనని చూపించాడు. కారించడం, మొలిపించడం, ఈ రెండు పనులూ గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను. ఆ ప్రోటీన్ వెళ్ళి దగ్గరలో ఉన్న రక్తనాళపు గోడ కణాల మీద కబురు అందుకునే గ్రాహకానికి అతుక్కుంటుంది. అతుక్కోగానే గ్రాహకం లోపలి భాగం, కైనేజ్ అంటారు, పనిలోకి దిగి "పెరుగు, విడిపో, ముందుకు పాకు" అని కణంలోకి కబురు పంపుతుంది. సొరాఫెనిబ్ ఆ కైనేజ్ గుంటలో దూరి కూర్చుంటుంది. కబురు బయట నుంచి వస్తూనే ఉంటుంది, లోపలికి చేరదు.

ఇక్కడ నాకు బాగా ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటుంది. కణితిలో కొత్తగా మొలిచిన నాళాల గోడ కణాలకు వీఈజీఎఫ్ పెరగడానికే కాదు, బతకడానికి కూడా కావాలి. పాత నాళాల చుట్టూ పెరిసైట్లనే ఊత కణాలు గట్టిగా అల్లుకుని ఉంటాయి. కొత్తవాటికి ఆ ఊత సరిగ్గా ఉండదు. కబురు ఆగిపోతే ఆ కణాలు తమంతట తామే కూలిపోతాయి. ఆ రకం చావుకు 1972లో కెర్, విలీ, కరీ అనే ముగ్గురు అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆకులు రాలడం అని అర్థం. వాపు లేకుండా, చుట్టుపక్కల గోల లేకుండా, కణం తనను తాను ముక్కలు చేసుకుని రాలిపోతుంది. అంటే ఈ మందు మొదట చంపేది క్యాన్సర్ కణాన్ని కాకపోవచ్చు. దాని పక్కనున్న నాళపు కణాన్ని చంపుతుంది. ఆ నాళం పోయాక, దాని మీద ఆధారపడ్డ గడ్డ మధ్యభాగం కుళ్ళినట్టు చస్తుంది. దాన్ని నెక్రోసిస్ అంటారు, అది ఆకు రాలడం లాంటిది కాదు.

సొరాఫెనిబ్ అక్కడితో ఆగదు. నిజానికి దాన్ని వెతికింది నాళాల కోసం కాదు, క్యాన్సర్ కణం లోపలుండే రాఫ్ అనే కైనేజ్ కోసం. ఆ తర్వాత చూస్తే అది వీఈజీఎఫ్ గ్రాహకాలను, పెరిసైట్లకు ఆధారమైన పీడీజీఎఫ్ గ్రాహకాన్ని కూడా అడ్డుకుంటోంది. దానికితోడు క్యాన్సర్ కణాన్ని చావనివ్వకుండా కాపాడే ఎంసీఎల్-1 అనే ప్రోటీన్‌ను తగ్గిస్తుందని ల్యాబుల్లో తేలింది. నాళం వైపు నుంచి ఒకటి, కణం లోపలి నుంచి ఒకటి, ఒకే మాత్ర రెండు దారుల్లో పనిచేస్తుంది. "ఆకలి" అన్న ఒక్క మాటలో ఇందులో ఎంత పట్టింది?

పెదనాన్న స్కాన్ దగ్గరికి వస్తాను. గడ్డ ఏడు సెంటీమీటర్లు ఉండేది, రెండు నెలల తర్వాత కూడా ఏడే. మేమంతా నీరుగారిపోయాం. అప్పుడు డాక్టర్ గారు పాత ఫిల్మునూ కొత్త ఫిల్మునూ పక్కపక్కన పెట్టి చూపించారు. మామూలు లివర్‌కు రక్తంలో ముప్పావు వంతు పోర్టల్ సిర నుంచి వస్తుంది, ధమని నుంచి వచ్చేది పావు వంతే. లివర్ క్యాన్సర్ మాత్రం దాదాపు మొత్తం ధమని నుంచే లాక్కుంటుంది. అందుకే సూదిమందు రంగు ఎక్కించి తీసే సీటీలో, ధమనిలోకి రంగు వచ్చిన క్షణంలో గడ్డ దీపంలా వెలుగుతుంది. పాత ఫిల్ములో అలాగే వెలిగింది. కొత్తదానిలో అదే గడ్డ, అదే సైజు, కానీ మధ్యలో పెద్ద నల్లమచ్చ. రక్తం అక్కడికి వెళ్ళడం లేదు, అక్కడ కణాలు చచ్చిపోయాయి. చచ్చినా అక్కడే ఉంటాయి కాబట్టి టేపు పెట్టి కొలిస్తే తేడా కనపడదు. ఈ ఇబ్బంది వల్లే 2010లో లివర్ క్యాన్సర్‌కు కొలత పద్ధతినే సవరించి, వెలిగే భాగాన్ని మాత్రమే కొలవమన్నారు.

ఈ మందును ఖాయం చేసిన పెద్ద పరీక్షలోనూ ఇదే కనిపిస్తుంది. 2008లో ఫలితాలు వచ్చాయి, 602 మంది రోగులు. పాత పద్ధతిలో గడ్డ సైజు చెప్పుకోదగ్గంతగా తగ్గింది మందు తీసుకున్నవాళ్ళలో 2 శాతం మందికే. నూటికి ఇద్దరు! అయినా మందు తీసుకున్నవాళ్ళ మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటిన కాలం, 10.7 నెలలు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళది 7.9 నెలలు. గడ్డ తగ్గలేదు, మనిషి ఎక్కువ కాలం బతికాడు. "ఆకలితో చంపే మందు" అని విన్నవాళ్ళెవరైనా గడ్డ చిక్కిపోవాలని ఎదురుచూస్తారు. చిక్కకపోతే మందు పనిచేయడం లేదని మానేస్తారు. మా పక్క వార్డులో ఒకాయన కొడుకులు అదే చేశారు, స్కాన్‌లో సైజు తగ్గలేదని మాత్రలు ఆపి ఆకు పసరు మొదలుపెట్టారు.

ఆకలి అనే మాటకు నాకున్న అన్నిటికంటే పెద్ద అభ్యంతరం ఇక్కడుంది. కణితి నాళాలు అసలు మంచి నాళాలే కావు. వంకరటింకరగా, ఎక్కడ మొదలై ఎక్కడ తేలతాయో తెలియకుండా, చిల్లులతో ఉంటాయి. వీఈజీఎఫ్ నాళాలను కారిస్తుందని ఇందాక చెప్పాను కదా, అదే. కారిన నీరు గడ్డ లోపల నిండి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి రక్తం లోపలికి పోలేదు, రక్తంతో వచ్చే కీమో మందూ పోలేదు. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది అరటిపండు ఒలిచినట్టు చెప్పొచ్చు. పిల్ల కాలువకు ఎక్కడికక్కడ గండ్లు పడితే పై చేలు ముంపుకు కుళ్ళిపోతాయి, శివారు చేలకు చుక్క చేరదు. కాలువ నిండా నీళ్ళున్నా సగం ఆయకట్టు ఎండుతుంది.

మన దేశంలోనే పుట్టి, ఐఐటీ కాన్పూర్‌లో కెమికల్ ఇంజినీరింగ్ చదివి హార్వర్డ్‌కు వెళ్ళిన రాకేశ్ జైన్ 2001లో ఒక మాట అన్నాడు. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందులు నాళాలను పూర్తిగా నాశనం చేయడానికి ముందు కొన్నాళ్ళపాటు వాటిని బాగుచేస్తాయి. పనికిరాని కొమ్మలు రాలిపోతాయి, మిగిలినవాటికి పెరిసైట్లు అల్లుకుంటాయి, చిల్లులు పూడతాయి, ఒత్తిడి తగ్గుతుంది, రక్తం లోపలిదాకా వెళ్తుంది. ఆ కిటికీ తెరిచి ఉన్నప్పుడు కీమో ఇస్తే అది శివారు చేలకు కూడా అందుతుంది. ఇది విన్నప్పుడు ఇంజినీరు కాబట్టే ఆయనకు ఇది తట్టిందనిపించింది. ప్రవాహం, ఒత్తిడి, చిల్లు ఇవి పైపుల లెక్కలు.

దీంతో ఒక చిక్కుముడి విడింది. బెవాసిజుమాబ్ అని ఇంకో మందు ఉంది, అవాస్టిన్ అంటే ఎక్కువమందికి తెలుసు. షుగర్ వల్ల చూపు తగ్గినవాళ్ళకు కంట్లో వేసే ఇంజెక్షన్ కూడా అదే. అది గ్రాహకం దాకా పోకుండా వీఈజీఎఫ్‌నే దారిలో పట్టేసుకునే యాంటీబాడీ. 2004లో పేగు క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది, కీమోతో కలిపి ఇస్తే మధ్యస్థ జీవితకాలం 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెరిగింది. నిజంగా ఆకలితో మాడ్చే మందే అయితే, రక్తం ఆగిపోయిన గడ్డలోకి కీమో ఎలా వెళ్ళింది? ఎలా మేలు చేసింది? నాళాలు కొంతకాలం బాగుపడతాయన్న వివరణ అక్కడే అక్కరకొచ్చింది. లివర్ క్యాన్సర్‌లో 2020 నుంచి సొరాఫెనిబ్‌ను వెనక్కి నెట్టిన జోడీలో కూడా బెవాసిజుమాబ్ ఉంది, తోడుగా అటెజోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు. ఆ జోడీకి 19.2 నెలలు, సొరాఫెనిబ్‌కు 13.4 నెలలు. వీఈజీఎఫ్ రోగనిరోధక కణాలను కూడా గడ్డలోకి రానివ్వకుండా, వచ్చినా పనిచేయనివ్వకుండా అడ్డుకుంటుంది. దాన్ని తొలగిస్తే ఆ కణాలకు దారి దొరుకుతుంది. నాళాలను మూసే మందనుకున్నది ఇక్కడ దారి తెరిచే మందైంది.

ఆకలి అన్న మాటనే పట్టుకుందామన్నా, ఆకలి ఏం చేస్తుందో మన రెండు రాష్ట్రాలకు తెలియనిదేం కాదు. పాలమూరులో, అనంతపురంలో కరువొస్తే ఊళ్ళు వలస పోయాయి. మనుషుల కష్టాన్ని క్యాన్సర్ కణంతో పోల్చడం నాకు ఇష్టం లేదు, కానీ ఆ మాట వాడేవాళ్ళు దాని రెండో అర్థం కూడా మోయాలి. ఆక్సిజన్ తగ్గగానే కణంలో హిఫ్ అనే ప్రోటీన్ పోగవుతుంది. కణాలు ఆక్సిజన్‌ను ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకే 2019 నోబెల్ ముగ్గురికి ఇచ్చారు. హిఫ్ వీఈజీఎఫ్‌ను ఇంకా పెంచుతుంది, వేరే దారులు తెరుస్తుంది, కణాన్ని కదిలేలా చేస్తుంది. 2009లో రెండు బృందాలు ఎలుకల్లో చూపించాయి, ఈ మందులతో మొదటి గడ్డ తగ్గినా కొన్నిసార్లు కణాలు ఇంకా లోతుకు చొచ్చుకుపోయాయి, కొత్త చోట్లకు పాకాయి. మనుషుల్లో అదే తీరున జరుగుతుందని అనుకోకూడదు. కానీ మందు కొన్నాళ్ళకు పనిచేయడం మానేస్తుందన్నది మాత్రం రోగుల దగ్గర అందరూ చూస్తున్నదే.

స్కాన్ మీద కూడా గుడ్డిగా నమ్మకం పెట్టుకోకూడదు. నల్లమచ్చ చూసి నేను పడిన సంతోషం పూర్తిగా సరైనది కాదని తర్వాత తెలిసింది. అవాస్టిన్‌కు 2008లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు త్వరిత అనుమతి (యాక్సిలరేటెడ్ అప్రూవల్) ఇచ్చారు. వ్యాధి ముదరడం 5.9 నెలల నుంచి 11.8 నెలలకు వాయిదా పడింది, చూడ్డానికి రెట్టింపు. కానీ ఆ మహిళలు ఎక్కువ కాలం బతకలేదు, తర్వాతి పరీక్షల్లో ఆ వాయిదా కూడా చిన్నదైపోయింది. 2011 నవంబరులో ఆ అనుమతి తీసేశారు. మెదడు కణితి గ్లయోబ్లాస్టోమాలో 2014లో వచ్చిన రెండు పెద్ద పరీక్షల్లోనూ ఆయుష్షు పెరగలేదు. చిల్లులు పూడితే రంగు కారడం తగ్గుతుంది, ఫిల్ము అందంగా కనిపిస్తుంది. ఫిల్ము బాగుపడటం, మనిషి బాగుపడటం వేరువేరు కావచ్చు.

1998 మే నెల తొలివారంలో జరిగింది కూడా ఇదే. ఫోక్‌మన్ ల్యాబులో దొరికిన ఎండోస్టాటిన్, యాంజియోస్టాటిన్ అనే రెండు ప్రోటీన్లు ఎలుకల్లో గడ్డలను కరిగించాయని న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో రాసింది. వాటి హక్కులున్న కంపెనీ షేరు ఒక్క రోజులో నాలుగింతలకు పైగా పెరిగింది. రోగులు ఫోన్లు చేశారు. ఎలుకకు క్యాన్సర్ వస్తే బాగా చూసుకోగలం అని ఫోక్‌మన్ అన్న మాట అప్పటిదే. ఆయన హెచ్చరించాడు, ఆశ మాత్రం ఆగలేదు. "గడ్డకు రక్తం ఆపేస్తే చాలు" అన్న ఊహ అంత శుభ్రంగా, అంత సులువుగా ఉంది మరి.

నాతోపాటు పనిచేసే ఒక లెక్చరర్ నాతో వాదించారు. "పల్లెటూరి ఆవిడకు వీఈజీఎఫ్ అని చెప్తారా మేడం? ఏదో ఒక పోలిక కావాలి కదా" అన్నారు. పోలిక వద్దని నేననలేదు. మా పెద్దమ్మకు కాలువ గండ్లు తెలుసు, శివారు పొలానికి నీళ్ళ కోసం రాత్రులు లాంతరు పట్టుకుని మడవ కాసిన మనిషి. ఆవిడకు అర్థం కాదని అనుకున్నది మనం. ఆకలి అన్న మాట ఆవిడ కోసం ఎంచుకున్నది కాదు, చెప్పేవాళ్ళకు త్వరగా పని తెమిలిపోతుందని ఎంచుకున్నది. నేను అందుకే ఎంచుకున్నాను.

పైగా సొరకాయ ముక్కలతో ఆ గడ్డకు నష్టం ఏమీ జరగలేదు. తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోనివ్వదు శరీరం, కండను కరిగించి చక్కెర తయారుచేస్తుంది. సిర్రోసిస్ ఉన్న లివర్‌లో నిల్వలు తక్కువ, అందుకే రాత్రి భోజనానికీ పొద్దుటి టిఫిన్‌కూ మధ్య ఎక్కువ గంటలు ఖాళీ ఉంటే కండ ఇంకా త్వరగా కరుగుతుంది. ఇలాంటి రోగులకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్, పడుకునే ముందు తప్పనిసరిగా ఏదో ఒకటి తినమని లివర్ నిపుణుల మార్గదర్శకాలు చెప్తాయి. అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు. పెదనాన్న అరవై రోజులు రాత్రి ఎనిమిదికే ఖాళీ కడుపుతో పడుకున్నాడు, గడ్డను మాడ్చడానికి.

మందు గడ్డ దగ్గరే ఆగదని కూడా ఎవరూ ముందు చెప్పలేదు. వీఈజీఎఫ్ మామూలు నాళాలకూ కావాలి, అది నాళాలను వదులుగా ఉంచుతుంది. అందుకే బీపీ పెరుగుతుంది. పెదనాన్నకు మూడో వారంలో 170 దాటింది. తర్వాత అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి, కాయలు కాసి, పగిలాయి. రాపిడి ఎక్కువగా ఉండే చోట చర్మం తనను తాను బాగుచేసుకోలేకపోతుంది. మొదటి రోజు నుంచే యూరియా కలిసిన క్రీమ్ రాస్తూ, మెత్తటి చెప్పులు వేసుకుని ఉంటే ఇంత అయ్యేది కాదని తర్వాత నర్సమ్మ చెప్పింది. చివరికి మోతాదు సగం చేయాల్సొచ్చింది. "ఆకలి" అన్న మాటలో అరచేతులు లేవు, బీపీ లేదు.

ఆ మాటలో నెలలు కూడా లేవు. పెదనాన్న నన్ను ఒకసారి పక్కకు పిలిచి, "ఎన్నాళ్ళమ్మా?" అని అడిగాడు. సార్వా పంట చేతికొచ్చేదాకా ఉంటాడా, పొలం పిల్లల పేర పెట్టడానికి వ్యవధి ఉందా, అది తెలుసుకోవాలని. మందు పనిచేస్తోంది, గడ్డ ఎండిపోతుంది అన్నాను. ఆసియా దేశాల రోగుల మీద విడిగా చేసిన పరీక్షలో మధ్యస్థ జీవితకాలం 4.2 నెలల నుంచి 6.5 నెలలైనట్టు అప్పటికి నాకు తెలుసు. ఆ అంకె నా నోటికి రాలేదు. ఆకలితో చస్తుంది అన్నాక, చావాల్సింది గడ్డే అన్నాక, ఇక మనిషికి ఇన్ని నెలలని ఎలా చెప్పను? అంకె సగటుది, నీది ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు అని చెప్పి ఉంటే ఆయన తట్టుకునేవాడు. వానను నమ్ముకుని నారు పోసిన మనిషి, ఆయనకు సగటంటే తెలుసు.

డాక్టర్ గారు అలా అన్న రోజు సాయంత్రమే బస్టాండులో పెద్దమ్మ పెరుగన్నం పొట్లం కొంది. ఆ తర్వాత ఇంట్లో అన్నం ఆగలేదు. అప్పటికి పెదనాన్న చేతులు పగిలి ఉన్నాయి, ఉప్పూ కారం తగిలితే మండేవి. స్పూను ఇస్తే విసిరేశాడు. పెద్దమ్మే కలిపి ముద్దలు చేసి అరచేతిలో కాకుండా నేరుగా నోటికి అందించేది. ఆవకాయ కావాలని గొడవ చేసేవాడు, ఆవిడ కొంచెం నూనె వేసి కలిపి పెట్టేది.

తొమ్మిది నెలలు ఉన్నాడు. మాఘమాసంలో పోయాడు. దానికి ముందు డిసెంబరులో కుప్పలు నూర్చి, ధాన్యం ఆడించి కొత్త బియ్యం ఇంటికి తెచ్చారు. కొత్త బియ్యం అరగవని మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఏడాదిదాకా పెట్టరు. ఆ రోజు పెద్దమ్మ ఎవర్నీ అడగలేదు. నీళ్ళు ఇంకాస్త పోసి మెత్తగా వండింది. పెదనాన్న మంచం మీద కూర్చుని రెండుసార్లు పెట్టించుకున్నాడు.